ఆట ముందా... పట్టా ముందా?

ఇంట్లో పదిహేను, పదహారేళ్ల పిల్ల. బరువులెత్తడంలోనో, కబడ్డీలోనో జిల్లా దాటి పేరు తెచ్చుకుంది. ఓ రోజు కబురొస్తుంది... శిక్షణ శిబిరానికి ఎంపికైందని! వెళ్తే తిండి, బస, కోచ్ అన్నీ వాళ్లే చూసుకుంటారు. కాకపోతే ఊరు వదలాలి. కాలేజీ అయితే మానేయాలి, లేదంటే పేరుకు మాత్రమే ఉండాలి. 'సదువు మానేస్తే రేపు ఏటి తింతాదీ గుంట?' అంటుంది నాయనమ్మ. 'ఇలాటి అవకాశం మళ్లీ వస్తాదేటి?' అంటాడు తండ్రి. ఇద్దరి మాటా నిజమే. చిక్కంతా అక్కడే!

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ తర్జనభర్జన ఎన్నో ఇళ్లలో జరుగుతూనే ఉంటుంది. వింతేమిటంటే, సరిగ్గా ఇదే ప్రశ్న అమెరికాలోనూ ఏటా వేసవి ముందు వందలాది ఇళ్లలో వినిపిస్తుంది. అక్కడ ఆట బాస్కెట్‌బాల్. కాలేజీ జట్టులో మెరిసిన కుర్రాడు చదువు పూర్తిచేయాలా, మధ్యలోనే వదిలి డబ్బిచ్చే ఎన్‌బీఏ జట్ల వైపు పరుగెత్తాలా అన్నది అక్కడి తల్లిదండ్రుల బెంగ. ఆ దేశం ఈ ప్రశ్నతో అరవై ఏళ్లుగా కుస్తీపడుతోంది. కాబట్టి వాళ్ల అనుభవం మన పిల్లలకూ పనికొస్తుంది.

నాలుగేళ్లా... ఒక్క ఏడాదా?

బాస్కెట్‌బాల్ పుట్టిందే కళాశాలలో. 1891లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు చలికాలంలో కుర్రాళ్లను కుదురుగా ఉంచేందుకు ఈ ఆట కనిపెట్టాడు. తర్వాత అది కోట్ల డాలర్ల వ్యాపారమైంది. ఒకప్పుడు ఎన్‌బీఏలో అడుగుపెట్టాలంటే హైస్కూలు పూర్తయ్యాక నాలుగేళ్లు ఆగాల్సిందే. ఇంట్లో పొయ్యి వెలగని కుర్రాడు నాలుగేళ్లు ఎలా ఆగుతాడు? స్పెన్సర్ హేవుడ్ అనే ఆటగాడు కోర్టుకెక్కాడు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు అతని పక్షాన నిలిచింది. ఆ గేటు తెరుచుకున్నాక 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబ్ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్... కాలేజీ గుమ్మం తొక్కకుండానే హైస్కూలు నుంచి నేరుగా వెళ్లి మహా ఆటగాళ్లయ్యారు.

ఈ ముగ్గురి పేర్లూ అందరికీ తెలుసు. లెనీ కుక్ పేరు ఎందరికి తెలుసు? ఒకప్పుడు లెబ్రాన్‌తో పోటీపడే స్థాయిలో పేరున్న కుర్రాడతను. 2002లో హైస్కూలు నుంచే ఎన్‌బీఏ ఎంపికకు పేరిచ్చాడు. ఏ జట్టూ తీసుకోలేదు. పోనీ కాలేజీకి వెళదామంటే, ఒకసారి ప్రొఫెషనల్ బాట పట్టినవాడికి కాలేజీ ఆట తలుపులు అప్పట్లో మూసేసేవారు. అటూ కాలేదు, ఇటూ కాలేదు. ఇలాంటి కథలు పెరిగాక 2005లో నిబంధన మార్చారు. పందొమ్మిదేళ్లు నిండాలి, హైస్కూలు దాటి ఏడాది కావాలి అన్నారు. దాంతో చాలామంది ఒక్క ఏడాది కాలేజీలో ఆడి వెళ్లిపోవడం మొదలైంది.

లెక్క చూస్తే గుండె గుభేలుమంటుంది. అమెరికాలో పెద్ద స్థాయి కాలేజీ జట్లు 350కి పైనే. ఒక్కో జట్టులో పదమూడు మందేసి అనుకున్నా, నాలుగున్నర వేల మంది కుర్రాళ్లు. ఎన్‌బీఏ ఏటా ఎంపిక చేసేది మాత్రం దాదాపు 60 మందినే. వాళ్లలో కూడా మొదటి 30 మందికే ఖాయమైన ఒప్పందం. మిగిలిన వాళ్లది దినదినగండమే. ఆ అరవై మందిలో విదేశాల కుర్రాళ్లూ ఉంటారు.

మన దేశానికి ముడిపడిన ఇద్దరి సంగతే తీసుకోండి. కెనడాలో పుట్టి పెరిగిన పంజాబీ యువకుడు సిమ్ భుల్లర్ ఎత్తు ఏడడుగుల అయిదంగుళాలు. న్యూమెక్సికో స్టేట్ కాలేజీలో రెండేళ్లు ఆడి, 2014లో చదువు మధ్యలోనే ఎన్‌బీఏ ఎంపికకు వెళ్లాడు. ఆ రోజు ఎవరూ పేరు పిలవలేదు. 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో జట్టు పది రోజుల ఒప్పందమిస్తే, ఎన్‌బీఏలో ఆడిన తొలి భారత సంతతి ఆటగాడయ్యాడు. ఆడినవి మూడే మ్యాచ్‌లు. ఇక పంజాబ్‌లోని బల్లో కే గ్రామం నుంచి పద్నాలుగేళ్లకే స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లిన సత్నామ్ సింగ్, కాలేజీలో చేరకుండానే 2015లో 52వ ఆటగాడిగా డాలస్ జట్టుకు ఎంపికయ్యాడు. భారత్ నుంచి ఆ గౌరవం అందుకున్న మొదటివాడు అతనే. దేశమంతా పండగ చేసుకుంది. కానీ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు. చివరికి అతను వృత్తి కుస్తీల వైపు వెళ్లాడు. ఇద్దరిలో ఎవరూ సోమరులు కారు, మోసగాళ్లు కారు. తలుపు అంత ఇరుకు, అంతే!

పట్టా కోసం తిరిగొచ్చినవాళ్లు

మరోవైపు చూడండి. టిమ్ డంకన్ రెండేళ్లకే వెళ్లిపోతే కోట్లు వచ్చేవి. కానీ చదువు పూర్తిచేస్తానని కన్నుమూసిన తల్లికి మాటిచ్చాడు. నాలుగేళ్లూ చదివి, పట్టా పుచ్చుకుని 1997లో వెళ్లాడు. వెళ్లీ వెళ్లగానే ఆ ఏడాది ఎంపికలో మొదటి స్థానం అతనిదే. షకీల్ ఓనీల్ 1992లో చదువు వదిలి వెళ్లి, ఎనిమిదేళ్ల తర్వాత 2000లో డిగ్రీ పూర్తిచేశాడు. స్టీఫెన్ కరీ 2009లో మూడేళ్ల చదువుతో ఆపేసి వెళ్లాడు. ఎన్‌బీఏ ట్రోఫీలు గెలిచి, పిల్లల తండ్రి అయ్యాక 2022లో డిగ్రీ అందుకున్నాడు. డబ్బు కోసం అతనికి ఆ కాగితం అక్కర్లేదు. మొదలుపెట్టింది పూర్తిచేయాలన్న పట్టుదల అది.

ఇప్పుడక్కడ గాలి మళ్లింది. కాలేజీలో ఉంటూనే పేరు, ఫొటో వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చని 2021లో అనుమతించారు. 2025 నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించడం మొదలైంది. ఫలితం? గడువుకు ముందే ఎన్‌బీఏ ఎంపికకు పేరిచ్చినవాళ్లు 2021లో 353 మంది ఉంటే, 2025లో 106 మందే. అంటే ఏమిటి? కుర్రాళ్లకు చదువంటే చేదేమీ కాదు. ఇంటి అవసరమే వాళ్లను తొందరపెట్టేది. జేబులో నాలుగు డబ్బులుంటే తరగతి గదిలో కూర్చోవడానికి వాళ్లకేం అభ్యంతరం లేదు!

వీరఘట్టం వస్తాదు

ఉత్తరాంధ్రలో ఈ ప్రశ్న ఎదుర్కొన్న తొలి తరం మనిషి ఎవరంటే కోడి రామ్మూర్తి నాయుడినే చెప్పుకోవాలి. వీరఘట్టంలో పుట్టాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరాడు. నెలనెలా జీతమొచ్చే కొలువు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. ఆ కొలువు వదిలి సర్కస్ కంపెనీ పెట్టాడు. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకోవడం, ఊపిరి బిగించి ఇనుప గొలుసు తెంచడం... దేశం దాటి ఇంగ్లండు దాకా పాకిన ఆ కీర్తి ఆయనకు 'కలియుగ భీముడు' అన్న పేరు తెచ్చింది. విశాఖ బీచ్‌లో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే.

అయితే చాలామంది గమనించని సంగతి ఒకటుంది. రామ్మూర్తి ముందు శిక్షణ పూర్తిచేశాడు, సర్టిఫికెట్ చేతబట్టాడు, పాఠశాలలో పనిచేశాడు. ఆ తర్వాతే ప్రదర్శనల బాట పట్టాడు. సర్కస్ మునిగినా మళ్లీ బడిలో పాఠం చెప్పుకునే అర్హత చేతిలో ఉంది. చివరి రోజుల్లో కాలికి సోకిన జబ్బు ముదిరి కాలే తీసేయాల్సి వచ్చింది. ఏనుగును మోసిన దేహానికీ ఒక గడువుంటుందని చెప్పడానికి అంతకంటే పెద్ద ఉదాహరణ ఉండదు.

ఊసవానిపేట నుంచి సిడ్నీకి

ఇక కరణం మల్లీశ్వరి. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్. అక్కచెల్లెళ్లంతా బరువులెత్తిన ఇల్లు అది. గురువు నీలంశెట్టి అప్పన్న. 1990లో మల్లీశ్వరి జాతీయ శిబిరంలో చేరింది. అప్పటికి వయసు పదిహేను.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. 1990 నాటికి ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో లేనేలేదు. మహిళలకు ప్రపంచ పోటీలు మొదలై మూడేళ్లే అయింది. లక్షల రూపాయల లీగ్‌లు లేవు, టీవీ ప్రకటనలు లేవు. ఆడపిల్ల బరువులెత్తితే పెళ్లెలా అవుతుందని అనేవాళ్లకు మాత్రం కొదవ లేదు. ఏ పతకం వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియని రోజుల్లో ఆ తల్లి శ్యామల కూతుళ్లకు అండగా నిలబడింది.

1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలో 54 కిలోల విభాగంలో మల్లీశ్వరి ప్రపంచ విజేత. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో రజతం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో తొలిసారి మహిళలకు లిఫ్టింగ్ పెట్టారు. 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు అందుకోలేకపోయింది. బంగారానికి రెండున్నర కిలోల దూరంలో కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ మన శ్రీకాకుళం అమ్మాయే!

శిబిరంలో చేరిన రోజుకీ, సిడ్నీ పతకానికీ మధ్య పదేళ్లు. ఈ పదేళ్ల లెక్కే తల్లిదండ్రులు చూడాల్సింది. పదిహేనేళ్లకు ఇల్లు వదిలిన పిల్లకు పాతికేళ్లకు ఒలింపిక్ పతకం వచ్చింది. అదీ ప్రపంచ విజేతకు! ఆటలో తొందరగా వెళ్లడమంటే తొందరగా ఫలం రావడం కాదు. తర్వాత ఆమెకు ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం నిలకడనిచ్చింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్‌గా నియమితురాలైంది. చిన్న వయసులో చదువుల ఊరు వదిలి బరువుల దారి పట్టిన అమ్మాయి, ఆటనూ చదువునూ కలిపే విశ్వవిద్యాలయానికి పెద్దయింది. కాలం చేసే చమత్కారాల్లో ఇదొకటి.

కొండవెలగాడ చెప్పే మాట

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ ఉంది. లిఫ్టర్ల ఊరని పేరు. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పోటీపడింది. మెడలో పడింది కాంస్యం. కొన్ని రోజులకే అది రజతమైంది. కారణం, బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికిపోయింది. ఆ అమ్మాయి వయసెంతో తెలుసా? పదహారు!

సంతోషి పతకం వన్నె పెరిగిందని సంబరపడ్డాం సరే. పదహారేళ్ల పిల్ల ఒంట్లోకి నిషిద్ధ మందు ఎలా వెళ్లిందన్నది తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న. ఆ వయసులో పిల్లలు కోచ్ ఇచ్చింది మింగుతారు, సీనియర్ చెప్పింది వింటారు. శిబిరానికి పంపడమంటే పిల్లను ఎవరో ఒకరి చేతుల్లో పెట్టడం. ఆ చేతులు ఎలాంటివో చూడకుండా, సెలక్షన్ కాగితం చూసి మురిసిపోతే ఎలా?

మన దగ్గర ప్రొఫెషనల్ అంటే...

అమెరికా కుర్రాడికి ఎన్‌బీఏ ఉంది. మన పిల్లలకు? క్రికెట్‌కు ఐపీఎల్. టెక్కలి కుర్రాడు త్రిపురాన విజయ్‌ని 2024 నవంబరు వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ 30 లక్షల రూపాయలకు తీసుకుంటే సిక్కోలు మురిసిపోయింది. కబడ్డీకి 2014లో ప్రో లీగ్ వచ్చింది. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌కు తెలుగు టైటాన్స్ 2.6 కోట్ల పైచిలుకు పెట్టింది. కానీ ఆ లీగ్‌లో ఉన్నవి పన్నెండు జట్లు. ఊరూరా కూత పెడుతున్న కుర్రాళ్లు వేలల్లో. పైగా కబడ్డీలో మోకాలు, భుజం ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేం.

మిగిలిన ఆటల్లో ప్రొఫెషనల్ అంటే నిజానికి ఉద్యోగమే. రైల్వే, సైన్యం, పోలీసు, ప్రభుత్వ రంగ సంస్థలు... స్పోర్ట్స్ కోటాలో ఒక కొలువు. ఉత్తరాంధ్ర ఇళ్లలో బార్బెల్ పట్టుకున్న ప్రతి పిల్ల వెనకా ఉన్న ఆశ అదే. తప్పేం లేదు. అయితే ఆ కొలువుకు దారి చాలామంది అనుకునేంత సూటిగా ఉండదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో అంతర్జాతీయ, జాతీయ పోటీలతో పాటు అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, జాతీయ పాఠశాల క్రీడలను కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఒక్కో స్థాయికి విడిగా ధ్రువపత్రం ఉంటుంది. అంటే కాలేజీ మానేసిన పిల్ల పోగొట్టుకునేది పాఠాలు మాత్రమే కాదు, విశ్వవిద్యాలయ జట్టు అనే నిచ్చెన మెట్టును కూడా. ఆ పోటీలకు పాతికేళ్ల వయసు వరకూ అవకాశం ఉంటుంది. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం జట్టులో చోటు కూడా ఉద్యోగానికి దారి చూపవచ్చన్న సంగతి ఎన్ని ఇళ్లలో తెలుసు?

ఇంకోటి. పతకం రాలేదు, కొలువూ రాలేదు అనుకోండి. ఆటే ప్రాణమైన పిల్లకు తర్వాత మిగిలే గౌరవమైన దారి వ్యాయామ ఉపాధ్యాయ వృత్తి. పీఈటీ కావాలంటే ఇంటర్ పైన యూజీడీపీఈడీ చదవాలి. అంతకు పై మెట్టుకు డిగ్రీ, దాని మీద బీపీఈడీ ఉండాలి. పదో తరగతితో ఆపేసిన పిల్లకు బళ్లో ఈల ఊదే ఉద్యోగం కూడా దక్కదు. చదువు వదిలేసిన ఆటగాళ్లకు ముప్ఫై ఏళ్లు దాటాక తగిలే అసలు దెబ్బ ఇదే.

గడియ పెట్టి వెళ్లొద్దు

మరి పంపొద్దా? అలా అన్నారంటే ఊసవానిపేట నుంచి ఒలింపిక్ పతకం వచ్చేదే కాదు. కండకు వయసుంది. బరువులైనా, పరుగైనా పదిహేనేళ్లకు పట్టాల్సిన మెలకువ ఇరవై రెండేళ్లకు పట్టదు. డిగ్రీని తర్వాత చదవొచ్చు, యవ్వనాన్ని తర్వాత తెచ్చుకోలేం. ముందుగా వెళ్లడంలో తప్పు లేదు. వెళ్తూ వెళ్తూ వెనక తలుపు గడియ పెట్టేయడమే తప్పు. లెనీ కుక్‌కూ, స్టీఫెన్ కరీకీ ఆటలో తేడా ఎంతున్నా ఉండనీ... ఒకరికి తిరిగొచ్చే దారి మూసుకుపోయింది, ఇంకొకరు పదమూడేళ్ల తర్వాత కూడా ఆ దారిలో నడిచొచ్చారు.

ఆ దారి తెరిచి ఉంచుకోవడం పెద్ద కష్టమేం కాదు. ఓపెన్ స్కూలు ఉంది. సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. శిబిరంలో ఉంటూనే పరీక్ష రాయొచ్చు. చదువూ ఆటా కలిపి నేర్పే చోట్లూ ఉన్నాయి. హకీంపేటలో, కడపలో క్రీడా పాఠశాలలు పెట్టింది అందుకే. సైన్యం నడిపే బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీల్లో చిన్న వయసులోనే తీసుకుని, చదువు చెప్పించి, పదిహేడున్నరేళ్లు నిండాక అర్హులను సైన్యంలో చేర్చుకుంటారు. ఖేలో ఇండియాకు ఎంపికైన పిల్లలకు శిక్షణతో పాటు నెలకు 10 వేల రూపాయల చేతి ఖర్చు ఇస్తున్నారు. పేద ఇంట్లో ఆ పదివేలు చదువు ఆపేయకుండా నిలబెట్టే ఊతకర్ర.

కాబట్టి సెలక్షన్ కబురు రాగానే 'పంపాలా, వద్దా' అని కొట్టుకునే ముందు ఇంట్లోవాళ్లు కోచ్‌ని నాలుగు మాటలు అడగాలి. అక్కడ చదువు ఎవరు చెప్తారు, పరీక్షలకు పంపుతారా? దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, ఎన్నాళ్లు చూస్తారు? తినే పొడులు, మాత్రలు ఎవరిస్తారు, డాక్టరు చీటీ ఉంటుందా? రెండేళ్లయినా ముందుకు సాగకపోతే ఏం చేస్తారు? మంచి కోచ్ ఈ ప్రశ్నలకు కోపగించుకోడు. విసుక్కున్నాడంటే, ఆ విసుగే జవాబు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరు అడిగినా జిరాక్సులే ఇచ్చి, అసలువి ఇంట్లోనే భద్రంగా ఉంచుకోవాలి. వయసు రెండేళ్లు తగ్గించి రాయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషిని గుమ్మంలోంచే పంపేయాలి. ఆ అబద్ధం ఎప్పుడో ఒకప్పుడు పతకాన్నీ, పరువునూ కలిపి లాక్కుపోతుంది.

చివరిగా అడగాల్సింది పిల్లనే. ఊరికే 'వెళ్తావా' అని కాదు. 'గెలవకపోయినా ఈ ఆట ఆడతావా' అని. ఆ మాటకు కళ్లు దించకుండా అవుననే పిల్లను ఆపకూడదు. ట్రంకు పెట్టెలో బూట్లు, బెల్టు సర్దేటప్పుడు ఇంటర్ పుస్తకాలు కూడా సర్ది పంపితే చాలు. బరువులెత్తే పిల్లలకు ఆ నాలుగు పుస్తకాలు ఓ బరువా?